కారవాన్ గోడకు బిగించిన కొక్కెం

2023 సెప్టెంబరు నెలాఖరు. ఐర్లండ్‌లో కారవాన్లు బాగుచేసేవాళ్లకు అది ఒళ్లు హూనమయ్యే కాలం. వేసవంతా సముద్రపు ఒడ్డున తిరిగిన బండ్లన్నీ ఒక్కసారే ఏదో ఒక జబ్బుతో షెడ్డు ముందు వరుస కడతాయి. ఆ శనివారం మధ్యాహ్నం ట్రాలీ అనే ఊళ్లో, మా అద్దె ఇంటి వంటగదిలో కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాను. ఎదురుగా అల్మారా మీద, ఇక్కడి మాటలో ప్రెస్ మీద, గోడ గడియారం గోడకు ఆనించి ఉంది. మేకు కొడితే ఇంటి ఓనరు ఏమంటాడోనన్న భయంతో పన్నెండేళ్లుగా ఇళ్లు మారుతూ ఆ గడియారాన్ని అలాగే ఆనిస్తూ వచ్చాం. మా ఆవిడ సుజాత దాని గురించి అడగడం కూడా మానేసింది.

మాది అనంతపురం. ఇక్కడికి వచ్చింది ఎమ్మెస్ చదవడానికి. తర్వాత వైద్య పరికరాల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేశాను. ఆ లైను మూసేశాక, మా వీధిలో ఉండే ముసలాయన ఒకాయన తన కారవాన్ యార్డుకు రమ్మన్నాడు. కొన్నాళ్లని వెళ్లాను, అక్కడే ఉండిపోయాను. ఆయన పోయాక షెడ్డు అద్దెకు తీసుకుని నేనే నడుపుతున్నాను.

ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"అన్నా, మీరు తెలుగోళ్లే గదా? గ్రూపుల మీ నంబర్ ఇచ్చిండ్రు. మా కారవాన్ మూల ఊడిపోయినట్టుందన్నా. గార్డ్స్ ఆపిచ్చిండ్రు. ఎవరన్న చూసేదాంక కదలొద్దంటున్నరు."

గార్డ్స్ అంటే ఇక్కడి పోలీసులు. సోమవారం చూద్దామని చెప్పడానికి నోరు తెరిచాను. ఫోన్లో వెనకనుంచి చిన్నపిల్ల దగ్గు వినిపించింది. నూనె చేతులు తుడుచుకుని లేచాను.

కాసిల్‌ఐలండ్ దాటాక రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే జాగాలో ఉన్నారు వాళ్లు. వాన సన్నగా పడుతోంది. శ్రీనివాస్‌కు నలభై దగ్గర ఉంటాయి, కరీంనగర్ మనిషి. తూర్పు తీరాన చెర్రీవుడ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య మాధవికి ట్రాలీ పక్కన మందుల ఫ్యాక్టరీ ల్యాబులో కొత్త ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. కూతురు హాసిని కారులోంచి తల బయటపెట్టి, "హాయ్ అంకుల్, ఇజ్ ఇట్ గోయింగ్ టు బి గ్రాండ్?" అని అచ్చం ఇక్కడి పిల్లలాగే అడిగింది. గ్రాండ్ అంటే ఇక్కడి మాటలో అంతా బాగుండడం.

వాళ్లు విహారానికి బయలుదేరలేదు. దేశానికి ఆ వైపున మెయ్‌నూత్‌లో వాళ్లున్న ఇల్లు ఓనరు అమ్మేస్తున్నాడు, లీజు అయిపోయింది. ట్రాలీలో ఒక ఇల్లు దొరికింది కానీ, అందులోవాళ్లు ఖాళీ చేయడానికి ఇంకో నెలన్నర పడుతుంది. అందాకా ఊరి బయట కారవాన్లు నిలుపుకునే సైటులో ఈ కారవాన్ పెట్టుకుని ఉందామని సామానంతా వేసుకుని బయలుదేరారు. ఆ రోజున వాళ్లకు ఇల్లంటూ ఉంటే అదొక్కటే, రోడ్డు పక్కన వానలో నిలబడి ఉన్నది.

కారు లాక్కెళ్లే కారవాన్ చూడ్డానికి గట్టిగానే ఉంటుంది గానీ, ఇనప చట్రం మీద కూర్చోబెట్టిన పెట్టె అది. గోడంటే బయట పలచటి అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్, రెంటి మధ్యా సన్నటి చెక్క ఫ్రేము. ఆ చెక్కే దాని వెన్నెముక. ముందు గోడ కింది అంచును నేలకు బిగిస్తారు, నేలను చట్రానికి బిగిస్తారు. ఎక్కడో ఒకచోట నీళ్లు దూరితే చెక్క లోలోపల బూజుపట్టి బొరుగుల్లా అయిపోతుంది, పైన రేకు మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం.

లోపలికి వెళ్లి ముందువైపు సీటు ఎత్తి డ్యాంప్ మీటరు పెట్టాను. రెండు సూదులుండే చిన్న పరికరం అది, చెక్కలో తేమ ఎంతుందో చెబుతుంది. పదిహేను శాతం లోపల ఉంటే భయం లేదు, ముప్పై దాటితే కుళ్లు. నలభై చూపించింది. మీటరు పక్కనపెట్టి బొటనవేలితో నొక్కితే వేలు చెక్కలోకి దిగబడింది. గోడకూ నేలకూ మధ్య సందులోంచి కింద తడి రోడ్డు కనిపిస్తోంది.

"ఇది ఇట్ల రోడ్డెక్కకూడదు తమ్ముడూ," అన్నాను.

"మెల్లగ పోతం అన్నా. ఇంక ఇరవై కిలోమీటర్లే గదా."

"మీరు మెల్లగ పోయినా గోడ మెల్లగ ఊడదబ్బా. వెనక వచ్చేవాని మీద పడితే?"

మాధవి గొడుగు లేకుండా వానలో నిలబడి, "మరి మేము ఏడికి పోవాలె అన్నా?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగింది. ఈ పనిలో నాకు విసుగుపుట్టేది ఇక్కడే. చెక్కను చూసి చెక్క గురించి చెప్పి రావడం తేలికే. ఆ చెక్క మధ్య ఎవరో ఒకరు బతుకుతుంటారు, వాళ్ల ముఖం చూడాల్సి వస్తుంది. నీళ్లు ఎక్కడ దూరాయో చూస్తానని నిచ్చెన వేసుకున్నాను.

ముందు కిటికీ పైన, సరిగ్గా మధ్యలో, పెసరగింజంత రంధ్రం కనిపించింది. "ఇక్కడేముండె?" అని అడిగాను.

శ్రీనివాస్ ముఖం మారిపోయింది. "దిష్టికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టెటందుకు కొక్కెం పెట్టిచ్చింది అన్నా ఈమె." భార్యవైపు తిరిగాడు. "వద్దని చెప్పిన్నా లేదా? దిష్టి దిష్టి అని మంచిగున్న గోడకు బొక్క పెట్టిచ్చినవు. ఇగో, ఇప్పుడు రోడ్డు మీద పడ్డం."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. మాధవి ఏడవలేదు. కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి. "కొక్కెం అమ్మినాయనతోనే పెట్టిచ్చిన అన్నా. రబ్బరు వేసి, మందు పూసి బిగించిండు. రెండేండ్ల కింద సెలవులకు డింగిల్ పోయినప్పుడు ఊడిపోయిందని ఈయననే చెప్పిండు," అంది.

ఊడిన కొక్కెం రేకును చించుకుంటూ వస్తుంది. ఈ రంధ్రం అంచులు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. ఎవరో స్క్రూడ్రైవరుతో ఓపిగ్గా తీసిన స్క్రూ అది. లోపలి అంచున తెల్లగా ఏదో అంటుకుని ఉంది. మేం వాడే సీలెంట్ అయితే రబ్బరులా సాగాలి. ఇది గోటితో గీకితే పొడిగా రాలింది. అరచేతిలో వేసుకుని కిందికి దిగి చూపించాను.

మాధవి దాన్ని వేళ్ల మధ్య నలిపింది. తర్వాత మొగుడివైపు తిరిగింది.

"టూత్‌పేస్ట్," అంది. "ప్రతి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇదే పని. మేకులు పీకుడు, బొక్కలల్ల పేస్టు కూరుడు. డిపాజిట్ పట్టుకుంటరని. ఇది మనదే కదయ్యా! దీనికెందుకు పెట్టినవు?"

శ్రీనివాస్ తల దించుకున్నాడు. "పక్క కారవానోళ్లు నిమ్మకాయలను ఫొటోలు తీస్తుండ్రి. నాకు సిగ్గనిపిచ్చింది. తీసేసిన. చేతికి పేస్టు అందింది, పెట్టిన. అలవాటు," అన్నాడు. "తప్పు నాదే మాధవీ," అన్నాడు, వాన చప్పుడులో వినీ వినపడకుండా.

మెయ్‌నూత్ ఇంటి ముందు రెండు చలికాలాలు ముఖం వానవైపు పెట్టి నిలబడింది ఆ బండి. మొదటి నెలకే పేస్టు చాలావరకు కరిగి ఉంటుంది. ఆ తర్వాత పడిన ప్రతి వానా ఆ రంధ్రంలోంచి చెక్క వెంబడి నేలదాకా దిగింది.

నాకు నవ్వు రాలేదు. పరాయి గోడల మధ్య ఇన్నేళ్లు బతికి బతికి, సొంతమనుకుని కొనుక్కున్న ఒక్కదాన్నీ అద్దె కొంపలాగే చూసుకున్నాడు మనిషి. అతన్ని కోప్పడాలంటే ముందు నన్ను నేను కోప్పడాలి. వాళ్లు మేకు కొట్టి, పీకి, కప్పిపెట్టారు. మేం అసలు కొట్టనే లేదు.

ఇంటికి వెళ్లి పడుకోవాలని ఒళ్లంతా మొరపెడుతోంది. అయినా గడ్డి మోపులు తోలే రైతు స్నేహితుడికి ఫోన్ చేశాను. అతని దగ్గర లో-లోడర్ ఉంది, బండినే ఎక్కించుకుని మోసే బల్లపరుపు ట్రెయిలర్. సాయంత్రానికి కారవాన్‌ను నా షెడ్డులోకి చేర్చాం. ముందు భాగం కింద జాకీలు పెట్టి ఎత్తి, కుళ్లిన వైపు ప్లాస్టిక్ పట్టా కట్టేశాను. కదలకుండా ఉన్నంతకాలం వెనక సగంలో పడుకోవచ్చు. షెడ్డులో బాత్రూం ఉంది, కరెంటు ఉంది. సుజాత అన్నం, పప్పుచారు తెచ్చింది. హాసిని మూడోసారి వడ్డించుకుని తింది.

సోమవారం పొద్దున మాధవి ఉతికిన బట్టలతో, దువ్విన తలతో మా షెడ్డులోంచే ఉద్యోగానికి వెళ్లింది.

వాళ్లు ఆ షెడ్డులోనే ఉన్నారు. శ్రీనివాస్ పగలు కారులో కూర్చుని ఆఫీసు మీటింగులు చూసుకునేవాడు, సాయంత్రాలు నాతోపాటు కుళ్లిన చెక్క తవ్వేవాడు. కొత్త ఫ్రేము కట్టి, రేకు అతికించి, ముందు గోడను మళ్లీ నేలకు బిగించేసరికి అక్టోబరు గడిచింది. చివరి రోజు అతను జేబులోంచి ఒక కొత్త స్టీలు కొక్కెం తీశాడు.

"ఇది గూడ పెట్టు అన్నా. ఈసారి ఎవరు ఫొటో తీస్తే తీసుకోని."

సీలెంట్ నిండా పెట్టి, అడుగున రబ్బరు వేసి, కొత్త చెక్కలోకి గట్టిగా బిగించాను. మాధవి నిమ్మకాయలు కట్టింది.

ఆ కారవాన్ నాకు నేర్పింది ఒక్కటే. గట్టిగా బిగించిన కొక్కెం వల్ల ఏ గోడా కుళ్లదు. అక్కడ మనం ఎప్పుడూ లేనట్టు కనపడాలని దాన్ని పీకేసి, పైన ఏదో పూస్తామే, కుళ్లేది అప్పుడే.

వాళ్లు కొత్త ఇంటికి వెళ్లిన రోజు సాయంత్రం నేను మా ఓనరుకు మెసేజ్ పెట్టాను, వంటగది గోడకు ఒక మేకు కొట్టుకోవచ్చా అని. నిమిషంలో జవాబు వచ్చింది: "వర్క్ అవే." కానివ్వండి అని, ఇక్కడివాళ్లు రోజుకు పదిసార్లు అనే మాట. పన్నెండేళ్లుగా అడగడానికి భయపడింది ఆ రెండు ముక్కలకు.

మేకు కొట్టి గడియారం తగిలించాను. సుజాత ప్రెస్ మీద ఖాళీ అయిన చోటును చూసింది, గోడను చూసింది. కుర్చీ లాక్కుని గడియారానికి ఎదురుగా కూర్చుంది, పొయ్యి మీద టీ పొంగిపోతున్నా లేవలేదు.