హాషిం పోసిన మూడో కాఫీ

మా బోస్నియా ఊళ్ళలో ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ మూడుసార్లు పోస్తాం. మొదటిది రమ్మని, రెండోది మాట్లాడమని. మూడోది పోశామంటే ఇక లేవమని. గిన్నెలకి కళాయి పెట్టే హాషిం కొట్టుకి ఎదురుగా రొట్టెల కొట్టు పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, అతను ఎవరికీ మూడోది పోసి ఎరగడు.

యుద్ధంలో అతని ఇంటిని చీపురుపుల్ల మిగలకుండా దోచుకున్నారు. భార్య షెమ్సా పారిపోయే దారిలోనే చలికి పోయింది. తిరిగొచ్చాక మనుషులతో మాటలు మానేసి, సొట్టగిన్నెలతోనే కాలక్షేపం. అలాంటివాడికి కొండ అవతలి నెడెల్కో స్నేహితుడయ్యాడు. మొదట చిల్లుకూజా తెచ్చాడు, తర్వాత దీపం, ఆ తర్వాత ఇస్త్రీపెట్టె. వాటిని అతికి మాటు వేసినంతసేపూ ఇద్దరూ వాదులాడుకునేవారు.

"నీ కూజా కంటే నీ బుర్రకే సొట్టలెక్కువరా" అనేవాడు హాషిం. పదేళ్ళలో అతను నవ్వింది ఆ మనిషి దగ్గరే.

మొన్న ఆకులు రాలే రోజుల్లో నెడెల్కో ఇత్తడి కాఫీ మర ఒకటి ఇచ్చి వెళ్ళాడు. పిడి తిరగడం లేదట. పెళ్ళికి హాషిం తన చేత్తో చేసి షెమ్సాకిచ్చిన మర అది. ఆమె పేరు కొట్టిన చోట ఎవరో ఆకురాయితో అరగదీశారు.

"వాడు నిజం చెబితే చాలక్కా, వదిలేస్తాను" అన్నాడు హాషిం నాతో. వారమంతా దాని పనిమీదే కూర్చున్నాడు.

నెడెల్కో వచ్చిన రోజు నేను రొట్టె పట్టుకెళ్ళి అక్కడే ఉన్నాను. హాషిం ఆ మరలోనే గింజలు పోసి తిప్పి, మొదటి కాఫీ పోశాడు.

"ఎక్కడిదిరా ఇది?"

"మా అమ్మది."

రెండోది పోశాడు. "బాగా గుర్తు తెచ్చుకో. యుద్ధంలో దొరికిందన్నా నేనేమీ అనను."

"చెప్పానుగా. పోయిన మా అమ్మ మీద ఒట్టు."

వాడి నోట్లో రొట్టె కుక్కాలనిపించింది నాకు. హాషిం మూడో కాఫీ పోశాడు.

"ఏంట్రా, తరిమేస్తున్నావా?" అని నవ్వుతూనే తాగాడు నెడెల్కో.

హాషిం మరని గుడ్డతో తుడిచి చేతికిచ్చాడు. "పాతరోజుల్లో ఎలా ఉండేదో అలాగే చేశాను. మీ అమ్మ పేరు అరిగిపోయింది, మళ్ళీ కొట్టాను."

వాడు తిప్పి చూశాడు. షెమ్సా అని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మరని బల్లమీద పెట్టబోయాడు.

"నాకెందుకు? మీ అమ్మదిగా" అన్నాడు హాషిం. "తీసుకెళ్ళు. రోజూ పొద్దున్నే ఆ పేరు పట్టుకుని తిప్పుకో."

వాడు దాన్ని పట్టుకునే కొండెక్కాడు. హాషిం మూడు కాఫీ కప్పులూ కడిగి బోర్లించాడు. మర్నాటినుంచి ఆ కొట్లో కాఫీ కాచలేదు.