మా వార్డు సిస్టరుకు గది లేకుండా చేశారు

కళ్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే కూలీలంతా తుమ్ముతున్నారు. నాకు మాత్రం వాసనా తెలియలేదు, తుమ్మూ రాలేదు. "పెద్దాయనకు ఘాటు అలవాటైపోయింది" అని నవ్వారు. నేనూ నవ్వాను. కాయల రోజుల్లో దగ్గు మా పల్లెల్లో మామూలే. నాకూ మొదలైతే ఆ దగ్గే అనుకుని శొంఠి కషాయం తాగుతూ కూర్చున్నాను. ఆయాసం ముదిరాక ఇంట్లోవాళ్లు ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్తే కరోనా అన్నారు.

"లేటుగా తెచ్చారు. శాచురేషన్ పడిపోయింది, ఆక్సిజన్ పెట్టండి" అన్నాడు డాక్టరు, గుమ్మంలోంచే. దగ్గరికొచ్చింది సిస్టరు. ముఖం కనపడదు. పీపీఈ కిట్టు మీద పెన్నుతో 'సునీత' అని రాసుంది.

"బోర్లా పడుకో తాతా, ఊపిరి బాగా ఆడుతుంది."

"పొట్ట నొక్కుకుపోతోందమ్మా."

"అంత పొట్ట ఎవరు పెంచమన్నారు? తిరుగు!"

ఒకరోజు గ్లౌజులు విప్పితే ఆమె వేళ్లు నానిపోయి తెల్లగా ఉన్నాయి. "ఇంటికెళ్లి పడుకోమ్మా" అన్నాను. ఇల్లెక్కడిదంది. జబ్బు అంటిస్తుందని అద్దె గదికి ఓనరు తాళం వేసి, సామాను గేటు బయట పడేశాడట. అంతకుముందు ఏడాది నర్సుల కోసం కంచాలు మోగించిన వీధే అది! స్టోరు రూములో సెలైన్ అట్టపెట్టెలు పరుచుకుని పడుకుంటోంది పిల్ల.

నా చిన్నతనంలో కలరా వస్తే, సూదులు వేసే నర్సమ్మను మా అమ్మ మా వసారాలోనే పడుకోబెట్టింది. భయం లేకనా? అప్పటికే మా చెల్లెలు పోయింది.

నేను తేరుకుంటుంటే సునీతకు జ్వరం తగిలింది. "టెస్టు చేయించుకుని ఐసొలేషన్‌లో ఉండు" అన్నాడు డాక్టరు.

"ఎక్కడుండమంటారు సార్, బస్టాండులోనా?"

ఆయన గుమ్మం నుంచే పక్క వార్డుకు వెళ్లిపోయాడు. ఆమె డ్యూటీ చేస్తూనే కూలబడింది. మంచాలు లేక మా వార్డులోనే చేర్చారు. "బోర్లా పడుకో తల్లీ!" అని అరిచాను. చెయ్యి ఊపింది. ఐసీయూకి తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు. అద్దంకి నుంచి వాళ్లమ్మ వస్తే, మూట కట్టేసిన బిడ్డను దూరం నుంచి చూపించారు.

డిశ్చార్జి అయ్యాక ఆ ఓనరు ఇంటికి వెళ్లాను. "ఏరా, ఎందుకు తాళం వేశావ్?" అన్నాను.

"నేనొక్కణ్ణే వేశానాండీ?" అన్నాడు.

నిజమే. ఆ వీధిలో ఒక్కడూ తియ్యమనలేదు.

ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయట, ఫైబ్రోసిస్ అన్నారు. చేను గట్టు దాకా కూడా నడవలేను. మీకు చెప్పేది ఒకటే. మీ వీధిలో నర్సు అద్దెకుంటే, ఏ జబ్బొచ్చినా ఆమెను ఖాళీ చేయించనని ఓనరు దగ్గర ఇవాళే మాట తీసుకోండి. జబ్బొచ్చాక అడుగుదాం అనుకోకండి. అప్పటికి మీరూ భయపడిపోయి ఉంటారు.