జపాను గీత

ఆళ్లగడ్డలో మా పురుగుమందుల అంగడికి ఎదురుగానే ఇంకొకాయన అంగడి. మందులూ అవే, ధరలూ అవే. అయినా రైతులంతా ఆయన దగ్గరికే పోయేవాళ్లు. కౌంటరు మీది దుమ్ములో ఆయన వేలితో మూడు గీతలు గీసేవాడు.

"జపానోళ్లు ఎకరా పైరుకు మందుల మీద ఇంత పెడతాండారప్పా. బ్రెజిలోళ్లు ఇంత. మనమేమో ఇంతే."

ఆ పొట్టి గీత చూసి రైతు ఇంకో డబ్బా అడిగేవాడు. నేను రోజూ తుడిచే నా కౌంటరును చూసుకుని కుళ్లుకునేవాణ్ణి.

ఆయన అంగడిని నంద్యాలకు మార్చినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. మరుసటి వారమే మా నాయన సంచి పట్టుకుని బస్టాండులో కనిపించాడు.

"యాడికి నాయనా?"

"నంద్యాలకు. మిరపకు మందు తెచ్చుకోవల్ల."

"మన అంగట్లో లేదా?"

"నీ కాడ మందొకటే ఉందిరా. ఆయప్ప కాడ జపానుంది."