టీ కొట్టు బెంచీ మీద దాచిన ఎంఫిల్

చేతికందే ఉద్యోగాన్ని చెడగొట్టుకోవడానికి నేను పడ్డంత కష్టం, తెచ్చుకోవడానికి కూడా ఎవరూ పడి ఉండరు. ఆ ఘోరం చెప్తాను, నవ్వకుండా వినండి. సరే, నవ్వండి.

అన్నలు (అదే, నక్సలైట్లు), పోలీసులు అనే మాటలను గొంతు తగ్గించి పలికే రోజులవి. సిరిసిల్ల నేతకారుల బతుకు మీద ఎంఫిల్ చేసి ఖాళీగా తిరుగుతున్నాను. జగిత్యాల కాలేజీలో అడిగితే "అనుభవం ఉందా?" అన్నారు. ఉద్యోగమే ఇవ్వకపోతే అనుభవం ఎక్కడి నుంచి తేవాలి? చివరికి కోరుట్లలో ఒక ప్రైవేటు కాలేజీ ఇంటర్వ్యూకు పిలిచింది. బస్సెక్కిస్తూ మా మేనమామ చెవిలో చెప్పాడు.

"అల్లుడా, గా గడ్డం, గా సంచి జూస్తె నాకే అనుమానమైతంది. ఎవలేమడిగినా 'నాకేం తెల్వది' అను. గంతే."

పోయి చూస్తే కాలేజీకి తాళం. ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాను. సఫారీ డ్రెస్సుల్లో ఇద్దరు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఒకాయనకు బుర్ర మీసాలు. కొట్టాయన అడగకుండానే వాళ్లకు టీలు తెచ్చాడు. మఫ్టీ పోలీసులే! నా కాళ్లు బెంచీ కిందనే పరుగు మొదలుపెట్టాయి.

"సిరిసిల్ల నుంచేనా?" అన్నాడు మీసాలాయన.

"నాకేం తెల్వది సార్."

"నీ ఊరు నీకు తెల్వదా? సరే, యూనివర్సిటీల ఎవల కింద పనిజేసినవ్?"

"నేను ఎవల కింద పనిజెయ్యలే సార్!"

"మరి ఏం రాసినవ్?"

"ఒట్టు సార్, ఏ గోడ మీద ఏం రాయలే!"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పక్కకు పోయి గుసగుసలాడి, తిరిగొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"సార్, మీరు రేపటి సంది క్లాసులకు రాండ్రి."

"ఏం క్లాసులు?"

"హిస్టరీ. నేను కరస్పాండెంటును, గీయన ప్రిన్సిపాల్. అటెండరు తాళంచెవి తేలేదని ఇంటర్వ్యూ ఈడనే కానిచ్చినం."

బెంచీ మీది నుంచి లేచాను. "అయ్యో సార్, నేను ఎంఫిల్ చేసిన, జూడుండ్రి..." అంటూ సర్టిఫికెట్ల కోసం సంచిలో చెయ్యి పెట్టాను. ఇద్దరూ ఒక్క గెంతుతో వెనక్కి పోయారు. అప్పుడు వెలిగింది. నేను వాళ్లను పోలీసులనుకుంటే, వాళ్లు నన్ను అన్నల మనిషి అనుకున్నారు!

"సంచి ముట్టకుండ్రి సార్! మీరెవలో మేం అడగం. జీతం ఒకటో తారీఖే ఇంటికి పంపిస్తం!"

ఆ సాయంత్రమే సర్టిఫికెట్ల మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీద ఏ ఇంటర్వ్యూకు పోయినా నేనెవరో, ఏం చదివానో పూసగుచ్చినట్టు చెప్పి తీరతానని. ఆ ఒట్టు ఎన్నడూ తప్పలేదు. అందుకే మరే కాలేజీ నన్ను తీసుకోలేదు, కోరుట్లలోనే రిటైరయ్యాను.