చెయ్యి పట్టేంత కంత

మొన్న కుప్పంలో మా చెల్లెలి మనవడికి జ్వరమొస్తే ఆస్పత్రికి తోడు వెళ్లి, మందుల కిటికీ దగ్గర నిలబడదామని చూస్తే అసలు కిటికీయే కనపడలేదు. నేల నుంచి పైకప్పుదాకా మందపాటి అద్దం, దాని వెనక మైకు ముందు కూర్చున్న ఒక చిన్నమ్మాయి, మధ్యలో తోస్తే లోపలికి పోయి తోస్తే బయటికొచ్చే ఇనుప సొరుగు. చీటీ అందులో వేస్తే అది సిరప్పు సీసాతో తిరిగొచ్చింది. సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే జైలేనని అద్దానికి ఇంతేసి అక్షరాలతో కాగితం. ఇదేం ఖర్మ, పసిపిల్లల ఆస్పత్రా, బ్యాంకు లాకరా అని నాకు ఒళ్లు మండింది. మండీ మండగానే నా కుడి మణికట్టు, ముసురు పట్టిన రోజుల్లో సలిపినట్టే, సలిపింది. దానికి నాకంటే జ్ఞాపకశక్తి ఎక్కువ.

నా పడుచు వయసులో మదనపల్లెలో ఒక పిల్లల ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసేదాన్ని. ఫార్మసీ టెక్నీషియన్ అన్నది కాగితం మీద మాట, వచ్చేపోయేవాళ్లందరికీ నేను మందులమ్మనే. పెళ్లికాని పిల్లకు రాత్రిపూట ఉద్యోగమేమిటని మా మేనత్త మూతి తిప్పేది గాని, ఆ చలి ఊళ్లో స్వెట్టరు మీద తెల్లకోటు తొడుక్కుని సైకిలెక్కి పోతుంటే నాకెంత గొప్పగా ఉండేదో! మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మందుల కిటికీ అంటే చెక్క తలుపులు, పైన వెలుతురు కోసం రెండు గాజు పలకలు, చెక్కకు చెయ్యి పట్టేంత కంత, అంతే. ఆ కంతలోంచి నాకు ముఖాలు కనిపించేవి కావు, చేతులొచ్చేవి. మగ్గం నేసేవాళ్ల గోళ్లకు పట్టు రంగులు అంటుకుని ఉండేవి. టమోటా కోసేవాళ్ల చేతులైతే పసరెక్కి నల్లబడి, ఎంత తోమినా తెల్లబడేవి కావు. ఆ అరచేతిలో మందు పెట్టి, వేళ్లు మూసి, ఎన్నిసార్లు తాపాలో రెండుసార్లు చెప్పి గాని వదిలేదాన్ని కాదు. విసుక్కునేవాళ్లు కూడా ఉండేవాళ్లు, నేను వాళ్లకంటే ఎక్కువ విసుక్కునేదాన్ని.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. సూదిమందు ఎక్కించాక ఖాళీ గాజుసీసా తెచ్చి చూపిస్తేనే నేను కొత్తది ఇవ్వాలి. అందుకని కంత కింద, బయట వైపు గట్టు మీద ఒక స్టీలు ట్రే పెట్టి ఉంచేవాళ్లం, ఖాళీలన్నీ తెల్లవారేదాకా అందులోనే పడి ఉండేవి. ఏళ్ల తరబడి ఆ ట్రే వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు.

ఆ రాత్రి పుంగనూరు వైపు పల్లె నుంచి ఒక తల్లి పిల్లాణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. టమోటా తోటకు కొట్టగా మిగిలిన పురుగుమందును వాళ్లాయన కూల్‌డ్రింకు సీసాలో పోసి గట్టున పెడితే, బిడ్డ తియ్యటిదనుకుని గుక్క వేశాడట. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, ఊపిరి తీస్తే గురగుర. దానికి విరుగుడు ఒక్క అట్రోపిన్ సూదిమందే. అది ఒకసారి వేసి ఊరుకునేది కాదు, ఊపిరి తేటపడేదాకా వెంటవెంటనే ఎక్కిస్తూనే ఉండాలి, ఆపితే బిడ్డ దక్కడు. ఆ వేళకు ఊళ్లో ఇంకే మందుల షాపూ తెరిచి ఉండదు, ఉన్నదంతా నా బల్ల మీది అట్టపెట్టెలోనే. పెద్ద సిస్టరమ్మ ఖాళీలు ట్రేలో పోయడం, నేను కొత్తవి అందించడం, ఆమె వార్డులోకి ఉరకడం. ట్రే నిండుతూ ఉంది.

అప్పుడు దిగాడు పిల్లాడి మేనమామ, టమోటాల టెంపో నిండా జనాన్ని వేసుకుని. అప్పటికి విరుగుడు పట్టింది. అది పట్టినప్పుడు పిల్లలు ఎలా ఉంటారో తెలియనివాళ్లకు గుండె ఆగిపోతుంది. ఒళ్లు ఎర్రగా కాలిపోతుంది, కంటిపాపలు పెద్దవైపోతాయి, తల్లిని కూడా గుర్తుపట్టక, గాలిలో కాయలు కోస్తున్నట్టు చేతులాడిస్తూ కేకలు పెడతారు. మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. ఆయనకు మాత్రం మేము పిల్లాడికి పిచ్చెక్కించినట్టు కనపడింది. చిందులు తొక్కుతూ వరండాలోకి వచ్చి, ట్రేలో గుట్టగా పడి ఉన్న ఖాళీ సీసాలు చూశాడు.

“ఒగ పసిబిడ్డకు ఇన్ని సూదులా! సంపేసినారు గదరా మా వోణ్ణి! పగలగొట్టండ్రా!”

ఇక వాళ్లు మనుషుల్లా లేరు. చేతులడ్డం పెట్టిన డ్యూటీ డాక్టరును సెలైను స్టాండుతో నెత్తిన కొట్టారు, ఆయన గోడకు జారగిలబడి తన రక్తాన్ని తనే వింతగా చూసుకుంటూ కూర్చుండిపోయాడు. ఆయాను జుట్టు పట్టుకుని మెట్లదాకా ఈడ్చారు. నేను లోపల గొళ్లెం వేసుకున్నాను గాని, పై గాజు పలకలు పగిలి రాళ్లు లోపలికొచ్చాయి. అరలు కూలాయి. జ్వరం సిరప్పులు, దగ్గు సిరప్పులు ఒకదాని మీద ఒకటి పడి పగిలి, నేలంతా ఎర్రగా జిగటగా అయిపోయింది. నాకు ఒక్కటే భయం, ఆ అట్టపెట్టె మీద ఒక్క రాయి పడిందా, పిల్లాడి ప్రాణం ఆ నేల మీదే కారిపోతుంది. పెట్టెను కడుపుకు అదుముకుని బల్ల కింద దూరాను. వీపు మీద దెబ్బలు పడుతున్నా కదల్లేదు.

వార్డులోంచి సిస్టరమ్మ మందు కావాలని అరిచింది. ఏమైతే అదైందని కొన్ని సీసాలు గుప్పిట్లో పట్టుకుని కంతలోంచి చెయ్యి బయటపెట్టాను. మేనమామ ఆ చెయ్యి పట్టుకుని చెక్క అంచుకు వేసి విరిచాడు. పటుక్కుమన్న చప్పుడు ముందు వినపడింది, నొప్పి తర్వాత వచ్చింది. చేతిలోవన్నీ బయట పడి పగిలాయి. నేను ఏడవలేదు, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆడపిల్ల నోట రాకూడనివి కూడా వచ్చాయి.

అప్పుడు కంతకు అడ్డంగా పసుపు చీర వీపు ఒకటి వచ్చి నిలబడింది. పిల్లాడి తల్లి.

“అన్నా, ఆగన్నా! సూది ఆగినాక బిడ్డ మళ్లా నురగ కక్కతాండాడు. నా కండ్లారా సూసినా. లోపలుండేది మందన్నా!”

“నువ్వు పక్కకు రాయే! నీకేం తెలుసు!” అన్న మాటా, రాయి తగిలిన చప్పుడూ ఒకేసారి వినిపించాయి. ఆ వీపు ఒక్కసారి ఊగింది గాని పక్కకు జరగలేదు. ఆమె వెనక్కి తిరగకుండానే, అన్న ముఖాన్నే చూస్తూ, ఒక చెయ్యి వెనక్కి పెట్టి కంతలోకి దూర్చింది. పసరెక్కి నల్లబడిన అరచెయ్యి, నుదుటి మీంచి భుజం మీదికి జారిన రక్తం మోచేతి మీదుగా వేళ్లదాకా కారుతోంది. ఆ చెయ్యి చాచి అలాగే ఉంచింది. నేను ఎడమచేత్తో సీసాలు అందులో పెట్టి, అలవాటు కొద్దీ వేళ్లు మూశాను.

ఆ తర్వాత వరండాలో ఎవరూ అరవలేదు. చెల్లెలి నుదురు చూసిన ఆ మనిషి రాయి వదిలేసి నేల మీద కూలబడ్డాడట, అతనితో వచ్చినవాళ్లు ఒక్కొక్కరే గోడకు చేరారట. సిస్టరమ్మ వచ్చి ఆమె చేతిలోంచి మందు తీసుకుపోవడం, ఆ చెయ్యి మళ్లీ కంతలోకి రావడం, తెల్లవారేదాకా అలాగే సాగింది. నుదుటికి కట్టు కట్టించుకోమన్నా ఆమె కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.

పిల్లాడు బతికాడు. తల్లిని గుర్తుపట్టి పాలడిగాడని సిస్టరమ్మ వచ్చి చెప్పినప్పుడు మాత్రం నేను భోరుమన్నాను. మేనమామ తర్వాత వచ్చి కాళ్లు పట్టుకోబోయాడు. నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను. క్షమించలేదు, ఈనాటికీ లేదు. నా చేతి కట్టు విప్పి మళ్లీ డ్యూటీకి పోయేసరికి కిటికీకి ఇనుప జాలీ బిగిస్తున్నారు. కంత మూస్తే ఉద్యోగం మానేస్తానని మొండికేసి దాన్ని ఉంచుకున్నాను. అందరూ నన్ను పిచ్చిదాన్ననుకున్నారు.

ఇదంతా ఆ కుప్పం అమ్మాయికి చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఇంతలో ఆమె చెవి పక్కన జుట్టు సర్దుకుంటే, అక్కడ ఇంకా పచ్చిగా ఉన్న కుట్లు కనపడ్డాయి. నేను చూడటం చూసి మైకులో అంది: “పోయిన నెల్లో కొట్టినారమ్మా. అందుకే ఈ అద్దం పెట్టినారు.”

సొరుగులోంచి సిరప్పు తీసుకుని, జాగ్రత్త తల్లీ అన్నాను. ఆ మాట అద్దం దాటి ఆమెకు వినపడలేదు. మైకు ఆమె వైపే ఉంది.