ఎర్రయ్య తాత రాయి మీద ఫోన్

మొన్న నా క్రెడిట్ కార్డు బాకీ బేరం ఎవరు కుదిర్చారో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. కానీ పొద్దుగూకాక మా ఊరు మరైగూడ దగ్గరున్న ఆ రాళ్ల వైపు ఒక్కసారి ఒంటరిగా వెళ్లొచ్చి, అప్పుడు నవ్వండి!

చింతపండు కొని, గింజ తీసి, ప్యాక్ చేసి భద్రాచలం పంపడం నా వ్యాపారం. తూకం మిషను, కవర్లు, ఆటో కిరాయి, అన్నీ కార్డు మీదే గీకేశాను. వానలకు సరుకు బూజు పట్టింది. వడ్డీ మీద వడ్డీ ఎక్కింది. రికవరీ ఏజెంట్ ఒకటే పాట: "మేడమ్, ఆధా దే దో, మామ్లా ఖతమ్!"

సగం కడితే చాలట! ఎవరికైనా ఆశే కదా. కానీ నేను లెక్కల మనిషిని. సగం కడితే క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, ఏళ్ల తరబడి పోదు. ఇక గింజ తీసే మిషనుకు లోన్ ఎవరిస్తారు? నాకు కావాల్సింది వేరు. మొత్తం కడతాను, కిస్తీల్లో కడతాను, చివర్లో 'క్లోజ్డ్' అని కాగితం ఇవ్వాలి. ఏజెంట్ ఇచ్చిన గడువు ఆ సాయంత్రంతో ఆఖరు.

మా దగ్గర సిగ్నల్ దొరికేది ఒక్క చోటే. పోయినవాళ్ల పేరు మీద నిలబెట్టిన రాళ్ల దగ్గర. అందులోనూ ఎర్రయ్య తాత రాయి మీద పెడితేనే. చేతిలోకి తీసుకుంటే కట్. అందుకే ఫోన్ రాయి మీద, స్పీకర్ ఆన్. అక్కడికి వెళ్తే పిడికెడు బియ్యం పెట్టి పలకరించాలి. హడావిడిలో మర్చిపోయాను.

మంచు దిగుతోంది. పురుగుల చప్పుడు కూడా లేదు. రాతిలోంచి వచ్చినట్టు ఏజెంట్ బొంగురు గొంతు: "ఆధా దోగీ యా నహీ?"

నేను నోరు తెరిచేలోపు నా వెనక గడ్డిలోంచి ఎవరో ఏడుస్తూ అన్నారు.

"ఇస్త తాతా... మిగిలిన సగం ఇస్త... కోపం చెయ్యకు..."

ఇక నేనెక్కడ ఆగుతాను! ఫోన్ అక్కడే. ఒక చెప్పు కూడా అక్కడే.

తెల్లారి ఫోన్ కోసం భయం భయంగా వెళ్తుంటే దారిలో ఎర్రయ్య తాత ఇల్లు. వాకిట్లో ముత్తయ్య మామ వడ్ల బస్తా దించుతున్నాడు. తాత బతికుండగా ఆయన దగ్గర తీసుకున్న విత్తనాల్లో సగమే తిరిగిచ్చి ఊరుకున్న మనిషి! తాత భార్య సీతమ్మవ్వ వింతగా చూస్తోంది.

"మామా, రాత్రి గడ్డిలో ఉన్నది నువ్వా?"

"అవ్ బిడ్డా. ఎడ్లను తోలుకొని వస్తాంటే తాత రాయి మాట్లాడింది. ఆధా ఆధా అని ఒకటే అడుగుడు!"

హమ్మయ్య! పొట్ట పట్టుకుని నవ్వాను. రాళ్ల దగ్గరికెళ్లి, ఈసారి బియ్యం పెట్టి, రాయి మీదే ఉన్న ఫోన్‌తో ఏజెంట్‌కి కాల్ చేశాను. ఆయన గొంతు మెత్తబడింది.

"ఠీక్ హై మేడమ్. మొత్తం కిస్తీల్లో కట్టండి, 'క్లోజ్డ్' లెటర్ ఇస్తాం. నిన్న మీ బదులు మాట్లాడిన పెద్దాయనెవరు? పిల్లని సతాయించకు, సగం కాదు, పూరా కడుతుందని నన్ను తిట్టారు! హిందీ భలే మాట్లాడతారు."

పరుగెత్తుకొచ్చి అడిగాను. "మామా, ఫోన్‌లో మాట్లాడావా?"

"నేనా? నీకన్న ముందు ఉరికిన! సంతలో ఆధా, పూరా తప్ప నాకు హిందీ ఏడ వస్తది?"

సీతమ్మవ్వ వడ్లు చేటలో పోస్తూ, తలెత్తకుండా అంది. "మా ముసలోనికి వచ్చు. చింతపండు సేఠ్‌లతో బేరమంతా హిందీలనే."

ముత్తయ్య మామ నా చెయ్యి తట్టాడు.

"బిడ్డా, నాది పూరా అయింది గదా. నాకు సుత తాత కాడ ఆ 'క్లోజ్డ్' కాగితం ఇప్పియ్యి."

ఊరందరికీ క్రెడిట్ రిపోర్టు పాఠాలు చెప్పే దాన్ని నేను! ఇప్పుడు ప్రతి కిస్తీకి ముందు రాయి మీద పిడికెడు బియ్యం పెడుతున్నాను. ఒక్క కిస్తీ ఆలస్యం కాలేదు. రిపోర్టు పాడవుతుందని కాదు. తాత రిమైండర్ కాల్ చేస్తాడని!