నడిమి పుట

నా చిన్నప్పుడు మా క్రైస్తవ సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. ఆదివారం ఆరాధనలో లేఖన భాగం చదివేవారు ఒక్క వచనం వదిలినా అధ్యాయమంతా మళ్ళీ మొదటి నుంచి చదవాలి. నోరు తిరగని వంశావళి పేర్లయినా సరే. మైదుకూరుకు దగ్గర్లోని మా పల్లెలో అక్షరం వచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి పదేళ్ళకే నాకు ఆ పని దక్కింది. ఒకసారి నేను పేర్లు దాటేస్తే, సంఘపెద్ద అయిన మా జేజినాయన, అంటే మా నాయన తండ్రి, కూర్చున్న చోటి నుంచే "మళ్లా చదువు" అన్నాడు. శనక్కాయలు పీకడానికి పోవాల్సిన ఆడవాళ్ళంతా నన్ను కొరకొరా చూశారు.

పక్కింటి అక్క మాకు సండేస్కూలు చెప్పేది. ఆమెకు తండ్రి లేడు. కుట్టు మిషను తొక్కి తల్లిని పోషించేది. తీరిక దొరికితే నోటుబుక్కులో ఏవో కథలు రాసుకునేది. ఒక మధ్యాహ్నం ఆమె దారాలు తేవడానికి అంగడికి పోయినప్పుడు నేను ఆ బుక్కు తెరిచాను. నడిమి పుట ఒకటి కంటబడింది. అందులో ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషితో, "నాకు పెండ్లెందుకు, నువ్వుండావు గదా, చాలు" అంటోంది. అంతే చదివాను. బుక్కు మూసి పరుగెత్తాను.

ఆ సాయంత్రం స్త్రీల ప్రార్థన కూటంలో ఆ సంగతి చెప్పాను. పెద్దవాళ్ళు పని ఆపి నా మాట వినడం అదే మొదటిసారి. మూడు రోజుల్లో కథలోని మనిషి అక్కే అయిపోయింది. రెండో మనిషి ఎవరన్నదానికి ఊళ్ళో నాలుగు పేర్లు పుట్టాయి. చివరికి అయిదుగురు వచ్చి మా వసారాలో కూర్చున్నారు. వచ్చే ఆదివారం ప్రభు సంస్కారం ఉంది. అక్కకు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకూడదని వాళ్ళ పట్టు. మా పల్లెలో సంస్కారం ఆగిపోయిన మనిషి గడప ఎవరూ తొక్కేవారు కాదు. సండేస్కూలు పోతుంది, ఆ వెంటే కుట్టుపని కూడా పోతుంది.

"మీరు చదివినారా?" అని అడిగాడు జేజినాయన.

"మాకు సదువు యాడిది పెద్దాయనా? నీ మనమరాలే గదా సూసింది," అంది వాళ్ళలో వయసులో పెద్దామె.

ఆయన నా వైపు తిరిగి, "అంతా చదివినావా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన కోప్పడలేదు. నన్ను వెంటబెట్టుకుని అక్క ఇంటికి పోయి, గడప బయటే నిలబడి, ఆ బుక్కు చదివించవచ్చా అని అడిగాడు. అక్క మిషను చక్రం ఆపి లేచింది. బుక్కు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "చదివించు జేజినాయనా. నడిమిట్ల ఆపకుండా చదివించు," అంది. నా వైపు చూడలేదు.

జేజినాయన పెట్టిన షరతు ఒక్కటే. రొట్టె ఆపాలనేవాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి ఆ కథ మొదటి నుంచి చివరి దాకా వినాలి. విననివాళ్ళ మాట చెల్లదు. చదవాల్సింది నేను. ఇద్దరు అట్లాంటిది వినేది లేదని వెళ్ళిపోయారు. మిగిలిన ముగ్గురికీ మూడు సాయంత్రాలు చదివాను.

నేను పొరబడ్డానని తేలుతుందేమోనని ఆశపడ్డాను. తేలలేదు. అది నేను అనుకున్న కథే. కరువు ఏడాది కూలికి ఊరు విడిచిన ఇద్దరు ఆడవాళ్ళు ఒకే గుడిసెలో ఉంటారు. ఒకరంటే ఒకరికి ప్రాణం. ఒకామెకు విషజ్వరం వస్తే రెండో ఆమె వీపున మోసుకుని ఆసుపత్రికి నడుస్తుంది. దారిలో ప్రార్థన చెయ్యబోయి ఆగిపోతుంది. వీపు మీది మనిషి తనకు వరసకు ఏమవుతుందో దేవుడికి చెప్పడానికి ఆమెకు మాట దొరకదు. అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ రెండు వాక్యాలు దాటెయ్యబోయేదాన్ని. జేజినాయన "మళ్లా చదువు" అనేవాడు.

మూడో సాయంత్రం పెద్దామె వింటూ వింటూ వక్కాకు నమలడం మానేసింది. "ఇది నాకు ఒప్పలేదప్పా," అంటూ లేచింది. మెట్టు దగ్గర ఆగి, "ఆ జరమొచ్చిన పిల్ల బతికిందా లేదా? రాయనే లేదే!" అంది.

"పోయి రాసిన పిల్లనే అడుగు," అన్నాడు జేజినాయన.

"నన్ను ఇంట్లోకి రానిస్తాదా?"

"రొట్టె ఆపమనే మనిషిని ఎవురు రానిస్తారు?"

ఆమె కొంగు సర్దుకుంది. "సరేలే. ఆపొద్దులే," అని దిగిపోయింది. మిగిలిన ఇద్దరూ ఆమె మాట దాటలేదు.

జేజినాయనకూ ఆ కథ నచ్చలేదు. వాక్యానికి సరిపడదని అక్కకు ముఖం మీదే చెప్పాడు. నాతో మాత్రం, "అనుమానపడు, తప్పులేదు. అంతా విన్నంక పడు," అన్నాడు. ఆదివారం అక్క అందరితో పాటు మోకరించింది. రొట్టె అందుకుంది. తర్వాత కూడా నాకు పాటలు నేర్పింది. నోటుబుక్కు మాత్రం మళ్ళీ నా కంటబడనివ్వలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మగవాళ్ళు మగవాళ్ళను, ఆడవాళ్ళు ఆడవాళ్ళను ప్రేమించే కథలూ సినిమాలూ దాపరికం లేకుండా వస్తున్నాయి. పుస్తకాలు తెప్పించుకుని చదువుతాను, సినిమాలు మనవరాలి ఫోనులో చూస్తాను. అనుమానంతోనే. కొన్ని నాకు ప్రసంగం చేస్తాయి. ప్రసంగాలు వినీ వినీ ముదిరిన చెవులు నావి, ఇట్టే పట్టేస్తాయి. కొన్నింటిలో చివరకు ఇద్దరిలో ఒకరిని చంపేస్తారు. ఆ చావు కథకు కావలసిందా, నాలాంటివాళ్ళను శాంతింపజెయ్యడానికి ఇచ్చిన బలా అని అనుమానం. ఇక అలాంటి మనిషి చేత నడుము తిప్పించి హాలంతా నవ్విస్తారే, ఆ నవ్వు మీద నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం. నేను నేర్చుకున్న లేఖనాన్ని విడిచిపెట్టలేదు. అయితే ఈ ప్రేమలు దేవుని ఎదుట ఏమవుతాయో నాకు తెలియదు. పదేళ్ళప్పుడు తెలుసనుకున్నాను.

పోయిన నెల మా స్త్రీల కూటం అలాంటి సినిమా ఒకదాన్ని ఆపించాలని కాగితం రాసింది. నేను ఆ సినిమా మొత్తం చూసి వెళ్ళి, రెండో సగం నచ్చలేదని అందరి ముందూ చెప్పాను. "అయితే సంతకం పెట్టక్కా," అంది కార్యదర్శి. నువ్వు చూశావా అని అడిగాను. "అయ్యో, అట్లాటివి నేనెందుకు చూస్తానక్కా!" అంది. నేను సంతకం పెట్టలేదు.

ఇలాంటి పుస్తకం ఏది తెరిచినా ముందుగా నాకు ఒక ఆలోచన వస్తుంది. ఇది రాసిన మనిషి దీన్ని ఎవరి కంటబడకుండా దాచుకుని ఉంటుంది? ఒకప్పుడు ఒకామె నా కంటబడకుండా దాచుకుంది.